రెండు మిల్లీయాంపుల మిషన్: పది నెలలు వాడిన తర్వాత

హన్మకొండలో గ్రూప్-2కు చదువుకుంటున్నాను. పోయిన వారం రీడింగ్ రూమ్‌లో పక్క టేబుల్ అమ్మాయి అడిగింది: "అక్కా, ఆ తలకు పెట్టుకునే మిషన్ నేను గూడ కొనుక్కోనా? మస్తు గుర్తుంటదంట గద." అక్కడ సగమే చెప్పగలిగాను. మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

తల మీద నుంచి మెదడుకు కొద్దిపాటి కరెంటు పంపే ఈ పద్ధతిని టీడీసీఎస్ అంటారు. 9 వోల్టుల బ్యాటరీ, రెండు వైర్లు, చివర ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజీలు. ఒకటి ఎడమవైపు నుదుటికి కాస్త పైన, జుట్టులో. ఇంకొకటి కుడి కనుబొమ్మ మీద. రోజూ 20 నిమిషాలు, 2 మిల్లీయాంపుల కరెంటు. 14,000 రూపాయలు పడింది. అమ్మ చిట్టీ ఎత్తి ఇచ్చిన డబ్బు అది.

తలకు నూనె ఉంటే ఇది పనిచేయదు. నూనె కరెంటును అడ్డుకుంటుంది, మిషన్ ఆగకుండా బీప్ కొడుతుంది. అందుకని దాదాపు రోజూ తలస్నానమే. మే నెలలో మా రేకుల గదిలో స్పాంజి అంచులు పది నిమిషాలకే ఆరిపోయేవి. అప్పుడు కరెంటంతా తడి ఉన్న కొంచెం చోటుకే చేరి చురుక్కుమంటుంది. ఒకరోజు ఓర్చుకుని అలాగే కూర్చుంటే రూపాయి బిళ్లంత కాలిన మచ్చ పడింది, రెండు నెలలు పోలేదు. ఇంకొకసారి మధ్యలో వైరు ఊడి, కళ్ల ముందు తళుక్కున మెరుపు కనబడింది. ఆ రాత్రి భయంతో నిద్ర పట్టలేదు.

ఇక జ్ఞాపకశక్తి. రోజూ తమ్ముడు అంకెలు చదివితే నేను వెనక నుంచి ముందుకు చెప్పేదాన్ని. మొదట్లో 5 అంకెలు దాటలేదు. రెండో నెలకు 7 వచ్చాయి. ఎంత సంతోషపడ్డానో! అందరికీ చెప్పాను. పక్క టేబుల్ దాకా ఆ మాట వెళ్లింది నా వల్లే.

అనుమానం తమ్ముడికి వచ్చింది. "నువ్వు రోజూ గదే ఆట ఆడుతున్నవ్ గదక్కా, అలవాటైంది కావచ్చు" అన్నాడు. పరిశోధనల్లో ఉత్తుత్తి కరెంటు పెట్టి చూస్తారని చదివి, మేమూ అదే చేశాం. మొదటి అర నిమిషం నిజంగా ఇచ్చి, తర్వాత నాకు తెలియకుండా ఆపేస్తాడు. చర్మం జిల్లుమనేది మొదట్లోనే కాబట్టి తేడా తెలియదు. ఏ రోజు ఏదో చీటీలు తీసి, 20 రోజులు నడిపాం. కరెంటు ఉన్న 10 రోజులు, లేని 10 రోజులు. లెక్క చూస్తే రెండింటికీ తేడా లేదు. ఏ రోజు నిజం కరెంటో నేను చెప్పిన జవాబుల్లో సగం తప్పు. ఒక్క మనిషి మీద చేసిన పరీక్షే, కానీ ఆ తల నాది.

మచ్చ చూపించడానికి వెళ్లినప్పుడు మానసిక వైద్యురాలు ఓపిగ్గా వివరించారు. ఈ కొద్ది కరెంటులో చాలా భాగం చర్మం మీదుగానే, పుర్రె బయటే పోతుందట. లోపలికి చేరిన కాస్తా నాడీకణం చేత సంకేతం పంపించలేదు, సంకేతం పంపడానికి దాన్ని కాస్త సిద్ధంగా ఉంచుతుంది, అంతే. 2000లో జర్మనీలో నిట్షె, పౌలుస్ అనే పరిశోధకులు చూపించింది కూడా మెదడులో చేతి కండరాన్ని కదిలించే భాగంలో, కరెంటు ఆపాక కొన్ని నిమిషాల పాటు ఉండే మార్పునే. అక్కడి నుంచి "చదివింది గుర్తుంటుంది" అనే మాట దాకా చాలా దూరం ఉంది. అమ్మేవాళ్లు ఆ దూరం చెప్పరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి కలవవు. 2016లో మెదడు పరిశోధకులే, ఇంట్లో సొంతంగా వాడేవాళ్లకు బహిరంగ లేఖ రాశారు: ఒక సామర్థ్యం పెరిగితే ఇంకొకటి తగ్గవచ్చని. కళ్ల ముందు మెరుపు సంగతీ చెప్పారామె. కరెంటు ఒక్కసారిగా తెగితే కంటి రెటీనా అలా స్పందిస్తుందట.

తల బయట నుంచి అయస్కాంతంతో మెదడును ప్రేరేపించే టీఎంఎస్ వేరు. 1985లో ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్‌లో బార్కర్ అనే పరిశోధకుడి బృందం మొదలుపెట్టింది. అది నాడీకణాల చేత నిజంగానే సంకేతం పంపిస్తుంది, తల మీద సరైన చోట పెడితే వేలు దానంతటదే కదులుతుంది. మందులకు లొంగని డిప్రెషన్‌కు అమెరికాలో 2008లోనే అనుమతి వచ్చింది. అవసరమున్నవాళ్లు డాక్టర్ దగ్గర చేయించుకోవాలి, సిగ్గుపడొద్దు. ఫిట్స్ వచ్చినవాళ్లు, తలలో లోహం ఉన్నవాళ్లు మాత్రం ముందే చెప్పాలి. ఇంట్లో పెట్టుకునే మిషన్ జోలికీ డాక్టర్‌ని అడగకుండా పోవద్దు.

నాకు మిగిలిందొకటుంది. ఆ 20 నిమిషాలు ఫోన్ ముట్టకుండా పొద్దున్నే ఐదింటికి కూర్చోవడం అలవాటైంది. తెలంగాణ ఉద్యమ చరిత్ర నోట్సు మొత్తం ఆ టైంలోనే రెండుసార్లు తిరగేశాను. ఇప్పుడూ కూర్చుంటున్నాను, స్పాంజీలు లేకుండా.

సెకండ్ హ్యాండ్‌లో అమ్మేద్దామని తమ్ముడు అన్నాడు. నాలాగే అమ్మ చిట్టీ డబ్బుతో ఇంకొకరు కొంటారేమోనని అమ్మబుద్ధి కాలేదు. బ్యాటరీ తీసేసి డబ్బా అటక మీద పెట్టాను.