స్పామ్‌ని గుమ్మంలోనే ఆపాలా, జంక్ ఫోల్డర్‌కి పంపాలా?

స్పామ్‌ని మెయిల్ సర్వర్ లోపలికి రాకముందే, ఎస్‌ఎమ్‌టీపీ (సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) కనెక్షన్ నడుస్తుండగానే, ‘తీసుకోను’ అని చెప్పే 550 కోడ్‌తో తిప్పికొట్టవచ్చు. డిస్క్ నిండదు, యూజర్ కంట పడదు. పొరపాటున మంచి మెయిల్ ఆగినా, అది చేరలేదని పంపినవాళ్లకు వాళ్ల సర్వరే చెప్పేస్తుంది. చాలామంది పట్టించుకోరు గానీ, అసలు లాభం ఇదే.

లేదా అన్నీ తీసుకుని, అనుమానం ఉన్నవాటిని జంక్ ఫోల్డర్‌కి మళ్లించవచ్చు. స్పామ్‌ని పట్టే ప్రోగ్రామ్ స్పామ్‌అసాసిన్ ప్రతి మెయిల్‌కీ అనుమానాన్ని బట్టి స్కోరు వేస్తుంది; అది 5కి చేరితే మామూలుగా ‘ఎక్స్-స్పామ్-ఫ్లాగ్: యెస్’ అని హెడర్ (మెయిల్ మొదట్లో ఉండే సమాచార పంక్తి) పెడుతుంది. మెయిల్‌బాక్స్‌లు చూసుకునే సర్వర్ డవ్‌కాట్‌లో రాసిన సీవ్ రూల్ (మెయిల్ ఏ ఫోల్డర్‌కి పోవాలో చెప్పేది) దాన్ని చూసి మెయిల్‌ని పక్కన పడేస్తుంది. ఏదీ పోదు, నిజమే. కానీ జంక్ తెరిచి చూసేదెవరు? ఇంటర్వ్యూ పిలుపు అందులో పడితే ఇటువాళ్లకూ తెలియదు, అటువాళ్లకూ తెలియదు.

అందుకే నాకు ఆర్‌స్పామ్‌డి అనే మరో స్పామ్ ఫిల్టర్ పద్ధతి నచ్చుతుంది. డిఫాల్ట్‌గా స్కోరు 6కి హెడర్, 15కి తిరస్కరణ. అనుమానం ఉన్నవి జంక్‌కి, ఖాయమైనవి బయటికి.

ఒక్కటి మాత్రం వద్దే వద్దు: మెయిల్ తీసుకున్నాక బౌన్స్ చేయడం, అంటే చేరలేదని తిరుగు మెయిల్ పంపడం. స్పామ్‌లో ఫ్రమ్ అడ్రస్ చాలావరకు దొంగదే. ఆ బౌన్స్ ఏ సంబంధమూ లేనివాళ్ల నెత్తిన పడుతుంది, మీ సర్వర్ ఐపీ అడ్రస్ బ్లాక్‌లిస్ట్‌కి (మెయిల్ తీసుకోకూడని సర్వర్ల జాబితాకి) ఎక్కే ప్రమాదమూ ఉంది.