రెండు మందులు, ఒకే బిళ్ల: ఆందోళనకు వాడిన మాత్రపై నా మాట

ఎస్సిటాలోప్రామ్ అంటే ఆందోళన, దిగులు తగ్గడానికి రోజూ వేసుకునే మందు, మెదడులోని సెరోటోనిన్ అనే రసాయనం మీద మెల్లగా పనిచేస్తుంది.  నా గోడు ఆ మందు మీద కాదు, దాన్ని క్లోనజెపామ్‌తో, అంటే ఆందోళనను త్వరగా తగ్గించి మత్తునిచ్చే మందుతో, కలిపి ఒకే బిళ్లగా అమ్మడం మీద.

నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర మాకు వనామి రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుందని భయపడని రైతు ఉండడు. కానీ నా భయం చెరువులు ఎండగట్టిన నెలల్లోనూ వదల్లేదు. అమ్మాయి కాలేజీ బస్సు కాస్త ఆలస్యమైనా చేతులు చల్లబడేవి. నెల్లూరులో డాక్టర్ గారు ముందు థైరాయిడ్ పరీక్ష చేయించి, అది బాగానే ఉందని తేలాక ఈ బిళ్ల రాశారు. 10 మి.గ్రా. ఎస్సిటాలోప్రామ్, అర మి.గ్రా. క్లోనజెపామ్. మొదటి వారం సగం బిళ్ల, తర్వాత పూర్తిది, రాత్రి భోజనమయ్యాక.

మొదటి రాత్రే నిద్ర పట్టింది. ఇంత మంచి మందు ఇన్నాళ్లూ ఎక్కడుందోనని ఇంటిల్లిపాదికీ చెప్పాను.

ఆ పొగడ్తలో ఇప్పుడు కొంత కోత పెట్టాలి. ఎస్సిటాలోప్రామ్ గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మొదటి రాత్రి నన్ను పడుకోబెట్టింది క్లోనజెపామ్. మొదటి వారాలు గట్టెక్కించడానికి ఇచ్చే మందు అది. ఎక్కువ కాలం వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది.

ఆ వేసవిలో ఒక అర్ధరాత్రి కరెంటు పోయింది. నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగాయి. బ్యాటరీ దిగిపోయి జనరేటర్ అందుకోలేదు. కాపలా మనిషి నాకు ఫోను మీద ఫోను చేశాడు. దిండు పక్కన అది మోగుతూనే ఉంది, నాకు మెలకువ రాలేదు. మా ఆవిడ పుట్టింటికి వెళ్లి ఉంది. చివరకు అతను పక్క చెరువు రైతును లేపి, ట్రాక్టరు బ్యాటరీ తెప్పించి జనరేటర్ నడిపించాడు. నేను గట్టు మీదకు చేరేసరికి తెల్లవారింది. రొయ్యలు అంచుల వెంట పైకి తేలి ఉన్నాయి. ఒక చెరువులో కొంత సరుకు పోయింది. ఒకప్పుడు ఏరేటర్ చప్పుడు మారితే చాలు, లేచి కూర్చునేవాణ్ణి. ఆ ఉదయం చచ్చిన రొయ్యలను చూస్తూ కూడా నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. తర్వాత ఆలోచిస్తే నష్టం కన్నా అదే ఎక్కువ కలవరపెట్టింది.

డాక్టర్ గారికి అంతా చెప్పాను. పగటి దిగులు ఇంకా మిగిలి ఉంది కనుక ఎస్సిటాలోప్రామ్ పెంచాలి, మత్తు ఎక్కువైంది కనుక క్లోనజెపామ్ తగ్గించాలి. కలిపిన బిళ్లతో ఇది ఎలా సాధ్యం? రెండు వేసుకుంటే రెండూ పెరుగుతాయి, విరిస్తే రెండూ తగ్గుతాయి. విడివిడిగా రాయగలరా అని అడిగితే మారు మాట్లాడకుండా రాశారు. మొదటి రోజే అలా రాసి ఉండవచ్చు కదా!

ఎస్సిటాలోప్రామ్ 15 మి.గ్రా. ఉదయానికి మారింది. క్లోనజెపామ్ రాత్రికి పావు మి.గ్రా. అయింది, తర్వాత అందులో సగం, ఆ తర్వాత పూర్తిగా బంద్. తగ్గించిన ప్రతిసారీ కొన్ని రాత్రులు నిద్ర చెడింది, గుండె దడ వచ్చింది. జబ్బు తిరగబెట్టిందనే అనిపిస్తుంది. ఇలా ఉంటుందని డాక్టర్ గారు ముందే చెప్పబట్టి ఓర్చుకున్నాను.

ఎస్సిటాలోప్రామ్‌కూ తన బాధలున్నాయి. మొదట్లో వికారం, ఆవులింతలు. పడకగదిలో వచ్చిన తేడా ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మగవాళ్లు దీన్ని డాక్టరు దగ్గర దాస్తారు, దాయకూడదు. నడుము నొప్పి మాత్రలు వేసుకునే ముందు కూడా అడగమన్నారు, రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుందట.

రాత్రిళ్లు లేవాల్సిన పని లేనివారికి, తొలి వారాల మట్టుకు, కలిపిన బిళ్లే సుఖంగా ఉండవచ్చు. నాకు మద్యం అలవాటు లేదు, బీపీ, షుగరు లేవు. ఉన్నవారి లెక్క వేరు.

బాగుపడ్డాక కూడా ఏడాది వాడమన్నారు, అది నిండింది. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, ఒళ్లు ఝల్లుమనడం వస్తాయి కాబట్టి మెల్లగా తగ్గిద్దామన్నారు. సరేనన్నాను. కాకపోతే ఈ పంట పట్టి, చెరువులు ఎండగట్టాక మొదలుపెడదామని అడిగాను.