పోచంపల్లి చీర రివ్యూ: ముందు నాకు నచ్చింది ప్రింటే, దాచేదేముంది

ఇది రెండు షాపుల రివ్యూ. ఒకటి సిటీల పెద్ద షోరూమ్, దాని పేరు రాయను, ఎందుకంటే వాళ్ళు బిల్లు మీద ఒక్క అబద్ధం కూడా రాయలే, నా బాధంతా అదే. రెండోది పోచంపల్లిల ఒక మగ్గం ఇల్లు, దానికి బోర్డే లేదు, రాద్దామన్నా పేరు లేదు.

సంగతేందంటే మా వదిన (మా ఆయన అక్క) బిడ్డ పెళ్ళి కుదిరింది, కంచి పట్టు ఇప్పటికే మూడున్నయ్ కదా ఈసారి పోచంపల్లి కడదామని షోరూమ్‌కి పోయిన. ఏసీ, చాయ్, కూసోవడానికి మెత్తటి పరుపు, పైనుంచి పసుపు లైట్లు. సేల్స్ అబ్బాయి చీర అందుకొని ఒక్క విసురు విసిరిండు, మెరూన్ మీద క్రీమ్ కలర్ డైమండ్లు, నల్ల అంచు, గీత గీసినట్టు ఒక్కో డైమండు కోసుగా ఉంది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పోచంపల్లేనా అని అడిగిన. "పోచంపల్లి డిజైనే మేడమ్" అన్నడు. ఆ 'డిజైన్' అన్న ముక్క నా చెవికి ఎక్కలే. ధర 7,800. సిల్క్ మార్క్ ట్యాగ్ కూడా వేలాడుతుంది, హోలోగ్రామ్‌తో సహా. తీసుకున్న.

ఇంటికొచ్చి కుచ్చుల కాడ ఒక పోగు తెంపి అగ్గిపుల్ల పెట్టిన. యూట్యూబ్ల చూసిందే, పట్టయితే వెంట్రుకలు కాలిన వాసనొస్తది, బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అయితది, పాలిస్టరైతే కరిగి నల్లటి పూసలెక్క గట్టిపడ్తది. వాసన బరాబర్ వచ్చింది, బూడిద పొడైంది. మా ఆయన దిక్కు చూసి చూశినవా అన్నట్టు తలెగరేసిన.

వదిన వచ్చింది. చీర చూసి ఏం అనలే. కొంగు పట్టుకొని తిరగేసింది, వెనక దిక్కు చూసింది, మళ్ళ ముందు దిక్కు చూసింది. వెనక మెరూను మెరూన్ లేదు, ఉతికి ఉతికి వెలిసినట్టు ఉంది, డైమండ్లు పొగమంచుల ఉన్నట్టు ఉన్నయ్. "ఇది అచ్చు కొట్టింది" అన్నది అంతే. నాకు ఒళ్ళు మండింది, చీర మీద కాదు ఆమె మీద. నిజం చెప్పినోళ్ళ మీదనే ముందు కోపమొస్తది అదేందో.

షాపుకి ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడిన్రు. "మేడమ్, బిల్లుల ఏముందో చదవండి." బిల్లుల 'ప్యూర్ సిల్క్ ఫ్యాన్సీ శారీ' అని ఉంది. ట్యాగు కూడా అసలుదే. సిల్క్ మార్క్ అంటే పోగు అసలు పట్టు అని మాత్రమే, దాన్ని చేత్తో నేశిన్రా మిషన్ల నేశిన్రా, రంగు పోగుకు ఎక్కించిన్రా గుడ్డ మీద అచ్చు గుద్దిన్రా, అవేవీ ఆ ట్యాగు పని కాదు. చేత్తో నేశిన దానికి హ్యాండ్లూమ్ మార్క్ అని వేరే ఉంటది. పోచంపల్లి ఇకత్‌కి (పోగుకే ముందు రంగేసి నేసే పద్ధతి) 2005ల జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే గుర్తింపు వచ్చింది, అది ఇంకో లెక్క. అంటే నా చీర మీద ఉన్న ప్రతి మాటా నిజమే, నేను నిప్పు పెట్టి చేశిన పరీక్ష కూడా నిజమే, కాకపోతే నేను అడిగిన ప్రశ్న వేరు, పరీక్ష పెట్టిన ప్రశ్న వేరు. షోరూమ్‌కి రెండు స్టార్లు. ఆ రెండూ చాయ్‌కి.

సరే, వదిననే తీస్కపోయింది పోచంపల్లికి. హైదరాబాద్ నుంచి ఓ యాభై కిలోమీటర్ల లోపే, విజయవాడ హైవే మీద పోయి ఎడమ దిక్కు తిరగాలె. 1951ల వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానం ఇచ్చింది ఈ ఊర్లనే, అందుకే భూదాన్ పోచంపల్లి. మెయిన్ రోడ్డు మీద షాపులు వరసగా ఉన్నయ్, వాటిల్ల కూడా కొన్నిట్ల నా చీరకి అక్కచెల్లెండ్లు కనపడ్డయ్, పోచంపల్లిల కొంటే పోచంపల్లే అనుకునేటోళ్ళు జర చూస్కోండి. వదిన ఆడ ఆగలే, సందులకి తీస్కపోయింది.

ఇల్లు చిన్నది. ముందర్రల గుంత మగ్గం, పక్కన చాప, చాప మీద చీరలు. పెద్దాయన మగ్గం మీదికెళ్ళి లేవకుండనే కూసోమన్నడు. నేను అక్కసుతోని నా మెరూన్ చీర తెచ్చుకున్న సంచిలకెళ్ళి తీసి పరిచిన. ఆయన ఏమీ అనకుండ తన చీరల్ల ఒక మెరూన్ డైమండ్లది తీసి పక్కన పరిచి "ఏది బాగుందమ్మా?" అని అడిగిండు.

నేను, మా ఆయన, ఆఖరికి వదిన వెంట వచ్చిన పెళ్ళిపిల్ల, ముగ్గురం నా దాన్నే చూపిచ్చినం. పక్కపక్కన పెడితే ఆయన చీర మసక మసకగా ఉంది. డైమండు అంచు కోసుగా లేదు, తడి కాయితం మీద ఇంకు పెన్ను ఆనిచ్చినట్టు అటు ఇటు పాకింది. పెద్దాయనకి కోపం రాలే. "అందరు అదే అంటరమ్మా" అన్నడు.

తర్వాత ఆయన చేసింది చెప్తేనే ఈ రివ్యూకి అర్థం. నా చీర కొసకి ఒక పేక పోగు (అడ్డం పోగు) గుంజిండు. సన్నటి పోగు, వేలికి చుట్టి చూపిచ్చిండు, ఒక దిక్కు మెరూన్ మరకలు, ఇంకో దిక్కు తెల్లగా. తర్వాత తన చీర కొసకి ఒక పోగు గుంజిండు. ఆ ఒక్క పోగే కొంత దూరం మెరూను, కొంత క్రీము, మళ్ళ మెరూను, ఎటు తిప్పినా అదే రంగు. అంటే బొమ్మ గుడ్డ మీద లేదు, నేయక ముందే పోగుల ఉంది. ఎక్కడ క్రీమ్ ఉండాలెనో అక్కడ రబ్బరు ముక్కలతో (సైకిల్ ట్యూబు కోసినవే) గట్టిగ కట్టి రంగుల ముంచుతరు, ఇంకో రంగు కావాలంటే విప్పి మళ్ళ కట్టి మళ్ళ ముంచుతరు. కట్టు కిందికి రంగు జర పాకుతది, నేసేటప్పుడు పోగు ఒక వెంట్రుక అంత జరుగుతది, ఆ పాకుడే ఆ మసక. ప్రతి పేక వేశినంక ఆయన కొసల కాడ వేలుతోని పోగుని ఇటు గుంజి అటు గుంజి డైమండుకి డైమండు కలుపుతుండు, నేను కూసున్న అరగంటల ఎన్నిసార్లు గుంజిండో లెక్కపెట్టలే గాని మగ్గం మీద గుడ్డ మాత్రం నా బొటనవేలంత కూడా పెరగలే.

దానికన్న ముందు ఆసు పోయాలె. అర్ధచంద్రం ఆకారంల ఉన్న మేకుల చుట్టూ పోగుని తిప్పుకుంట పోవుడు, ఒక్క చీరకి చెయ్యి 9,000 సార్లు అటు ఇటు తిరగాలె అంటరు. ఇది ఎక్కువగా ఇండ్లల్ల ఆడోళ్ళ పని, భుజాలు పోతయ్. వాళ్ళ అమ్మ పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు మిషన్ తయారు చేశిన్రు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఈయన ఇంట్ల కూడా మిషనే ఉంది. అది చూసి మా ఆయన "మిషన్ వాడితే మరి ఇది కూడా డూప్లికేటే కదా" అని జోకేశిండు. పెద్దాయన కోడలు లోపల్నుంచి "ఒక్కరోజు చేత్తో పోయమనుండ్రి సారును, అప్పుడు ఒరిజినల్ అయితది" అన్నది. మా ఆయన మళ్ళ నోరు తెరవలే. ఆ కోడలు కట్టుకున్నది మాత్రం పాలిస్టర్ చీర, ఇకత్ డిజైన్ ప్రింటుది. నేను చూస్తున్నట్టు చూసి "ఇంటి పనికి ఇది మంచిగుంటది మేడమ్, ఆరుడు కూడ తొందరగా ఆరుతది" అని నవ్వింది. దాని గురించి నేను ఏం రాయాలెనో నాకు తెల్వదు, రాయకుండ వదిలేయడం మాత్రం మంచిగనిపియ్యలే.

ఇంకో మాట. మసక చూసి అసలుదని ఫిక్స్ అవ్వకండి. ఇప్పుడు డిజిటల్ ప్రింటోళ్ళు ఆ పాకుడు కూడా గీసి అచ్చు కొడుతున్నరు. తిరగేసి చూడుడు, కొసకి పోగు గుంజి చూడుడు, అవి కొంచెం నమ్మకం. పోగు గుంజనియ్యని షాపుంటే లేచి రండి.

ఇగ నా అసలు డౌటు. పోగు చూశినంక మళ్ళ రెండు చీరలు పక్కపక్కన చూశిన. ఈసారి నా చీర చచ్చినట్టు కనపడ్డది, స్కూల్ పుస్తకానికి అట్ట వేసినట్టు. ఆయన చీర కదులుతున్నట్టు ఉంది. పది నిమిషాల కింద ఇదే కండ్లు రివర్స్‌ల చెప్పినయ్. ఆ పది నిమిషాల్ల చీరేమన్నా మారిందా, లేదు. మా ఆయన అన్నడు, కష్టం చూసి నీకు పాపం అనిపించింది, పైగా పదమూడు వేలు పెట్టబోతున్నవు, అందంగా కనపడక ఏం చేస్తది అని. నేను కాదన్న, గట్టిగనే కాదన్న, కానీ రాత్రి పండుకున్నంక ఆలోచిస్తే ఆయన మాట సగం కరెక్టేనేమో. మిగతా సగం మాత్రం ఒప్పుకోను. సంగీతం నేర్చుకున్నోళ్ళకి గమకం వినపడ్తది, నాకు అది గొంతు వణుకుడు లెక్కనే ఉంటది, అంత మాత్రాన గమకం అబద్ధం కాదు కదా. నాకు ఎవరూ నేర్పలే అంతే. చీర కూడా అట్లనే అని నా వాదన, ఆయన వాదన ఆయనది.

అయితే ఈ ఇంట్ల అంతా బాగుందని అనను. రెండు మూడు చీరలు అసలైన చేనేతే, డబుల్ ఇకత్ (నిలువు పోగులు, అడ్డం పోగులు రెండిటికీ ఇట్లనే కట్టి రంగేసింది) కూడా, కానీ చిలకపచ్చ మీద నారింజ, ఎంత కష్టపడి నేశిన్రో తెలిసి కూడా కట్టబుద్ధి కాలే. నిజమైందని చెప్పి నచ్చించుకోలేం కదా. వెలుగు సరిగ్గా లేదు, చీర వాకిట్లకి తెచ్చి చూడాల్సి వచ్చింది. కార్డు తీసుకోరు, ఫోన్ పేనే. మార్చిచ్చుడు లేదు. మొదటిసారి డ్రైవాష్ చేయించమన్నరు. నేను తీసుకున్న చీరల మూడో వరసల ఒక డైమండు పక్కదాని కంటె జర కిందికి జారింది, అది నేను చూడలే, పెద్దాయననే వేలు పెట్టి చూపిచ్చిండు. "ఇదొక్కటి తప్పిందమ్మా, చూసి తీసుకోండి." తగ్గిస్తరా అంటే ఐదు వందలు తగ్గించిండు. 13,000ది 12,500. షోరూమ్ అబ్బాయి రెండు వేలు తగ్గించినట్టు చెప్పిండు గాని ముందు ఎంత పెంచిండో దేవునికే తెల్వాలె.

పెళ్ళిల ఇది కట్టిన. ఐదారుగురు బాగుందన్నరు, ఒకామె మాత్రం దగ్గరికొచ్చి "ప్రింట్ కొంచెం షేడ్ అయినట్టుంది కదా" అన్నది. కొంగు తిరగేసి చూపిచ్చిన. ఆమెకు ఏమన్నా అర్థమైందో లేదో. పాత ప్రింటు చీర అత్తమ్మ తీసుకున్నది, ఆమెకు అదే ఇష్టం, డైమండ్లు నీట్‌గా ఉన్నయ్ అంటది, నేను వాదించలే.

మగ్గం ఇంటికి నాలుగున్నర స్టార్లు, సగం లైటింగ్‌కి కోసిన. పోయేటోళ్ళు పొద్దుగాలనే పోండి, మధ్యాహ్నం అన్నం తిన్నంక పెద్దాయన ఒక గంట పండుకుంటడు, మగ్గం ఆగి ఉంటది, కోడలు చీరలు చూపిస్తది గాని పోగు మాత్రం గుంజనియ్యది.