టెస్టులు తగ్గించిన ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) క్లినిక్ – మా అమ్మకి చూపించాక నా రివ్యూ

షుగరు, థైరాయిడ్ రెండూ ఉన్న పెద్దవాళ్లని చూసుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నా. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఎందుకు కోశానో కింద చెప్తా.

ఇంతకుముందు చూపించిన చోట ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు రక్తం ఇచ్చి రమ్మనేవాళ్లు. గుండె డాక్టరుది ఒక లిస్టు, కీళ్ల డాక్టరుది ఇంకో లిస్టు, రెండిట్లో సగం అవే టెస్టులు, వారం కింద చేసిన రిపోర్టు మా చేతిలోనే ఉన్నా ఎవరూ తిరగేసేవాళ్లు కాదు. అమ్మకి నరం తొందరగా దొరకదు, రెండు మూడు చోట్ల పొడిస్తే మోచేతి దగ్గర నల్లగా కమిలిపోయేది. అది చూళ్లేక ఇక్కడికి మారాం.

ఇక్కడ డాక్టరు గారు చేసిన మొదటి పని ఏంటంటే మా ఫైలంతా టేబుల్ మీద పరిచి, రిపోర్టులన్నీ తేదీల ప్రకారం పేర్చి, ఒక తెల్లకాగితం మీద టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ అని మూడు వరసలు (మొదటిది థైరాయిడ్‌ది, రెండోది షుగరుది, మూడోది కిడ్నీలది) గీసి పాత నంబర్లన్నీ ఎక్కించారు. తర్వాత మేం పట్టుకెళ్లిన టెస్టుల చీటీ తీసుకుని ఒక్కోటీ కొట్టేస్తూ ఎందుకో అమ్మకే చెప్పారు, నాకు కాదు. "అమ్మా, ఈ హెచ్‌బీఏ1సీ చేయించి నెల కూడా కాలేదు, ఎర్రకణాలు బతికేది సుమారు 120 రోజులు, ఇది చెప్పేది రెండు మూడు నెలల సగటు, ఇప్పుడే మళ్లీ చేస్తే కొత్తగా తెలిసేదేమీ లేదు" అన్నారు. థైరాయిడ్ మాత్ర డోసు సరిపోయిందా లేదా అని చూడ్డానికి అమ్మలాంటివాళ్లకి టీఎస్‌హెచ్ చాలంట, టీ3 అనే ఇంకో థైరాయిడ్ హార్మోను టెస్టు అక్కర్లేదంట. డోసు మార్చాక కూడా 6 నుంచి 8 వారాలు ఆగాలి, ముందే చూస్తే ఇంకా కుదురుకోని నంబరు పట్టుకుని మళ్లీ డోసు మార్చేస్తాం. యాంటీ టీపీఓ, అంటే ఒంట్లో రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చూసే టెస్టు, ఒకసారి పాజిటివ్ అని తేలాక మళ్లీ మళ్లీ చేయించినా మందు మారదు. ప్రతి టెస్టు దగ్గరా ఆయన వేసుకునే ప్రశ్న ఒకటే, ఈ రిజల్ట్ ఎలా వచ్చినా మనం చేసేది మారుతుందా అని.

మోకాళ్ల నొప్పులకి ఎవరో రాసిన ఏఎన్ఏ (లూపస్ లాంటి, రక్షణ వ్యవస్థ మన ఒంటి మీదే తిరగబడే జబ్బులకి చేసే రక్తపరీక్ష) కూడా కొట్టేశారు. అమ్మది వయసుతో వచ్చిన అరుగుదల, లూపస్ లాంటి జబ్బు లక్షణాలు ఒక్కటీ లేవు. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా రక్తం నమూనాని 160 వంతులకి పలచన చేసి (1:160) చూసినా నూటికి దాదాపు ఐదుగురికి ఇది పాజిటివ్ వస్తుందట, అది పట్టుకుని ఇంకో పది టెస్టులు, ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

నాకు బాగా కళ్లు తెరిపించింది నార్మల్ రేంజ్ గురించి చెప్పిన మాట. మామూలుగా ఆ రేంజ్ పెట్టేదే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నూటికి 95 మంది లోపల పడేలా. అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని టెస్టులు 20 చేస్తే, అన్నీ బాగున్న మనిషికి కూడా కనీసం ఒకటి తేడా వచ్చే అవకాశం నూటికి 64. రిపోర్టులో ఎర్రగా కనపడిన ప్రతిదానికీ మేం ఎంత హడలిపోయామో తల్చుకుంటే బాధేసింది.

అలాగని టెస్టులే రాయరని కాదు. యూరిన్‌లో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి వెంటనే రాశారు, షుగరున్నవాళ్లకి కిడ్నీ పాడవడం మొదట్లోనే పట్టేది అదే, ఏడాదికోసారైనా చేయించాలి. మేం చేయించిన అన్ని పెద్ద పెద్ద ప్యాకేజీల్లో అది ఒక్కదాంట్లో కూడా లేదు! ఆ తర్వాత అమ్మ కాళ్లు వాచాయంటే అదే రోజు క్రియాటినిన్, పొటాషియం చేయించారు. అందుకే చెప్తున్నా, ఇది చదివి మీ అంతట మీరు టెస్టులు మానేయకండి, డాక్టర్నే అడగండి.

ఇదేం ఆయన సొంత పైత్యం కాదు. అమెరికాలో 2012లో ఏబీఐఎం ఫౌండేషన్ అనే డాక్టర్ల సంస్థ చూజింగ్ వైజ్లీ (తెలివిగా ఎంచుకోవడం) అని ఒక ప్రచారం మొదలుపెట్టింది, అందులో స్పెషలిస్టుల సంఘాలే తమ తమ విభాగాల్లో అనవసరమైనవి ఏవో లిస్టు ఇచ్చాయి, థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) వాడేవాళ్లకి డోసు చూడ్డానికి టీ3 వద్దన్నది హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ లిస్టులోదే. అమ్మ శుక్లం ఆపరేషన్‌కి ముందు మళ్లీ రక్తపరీక్షలన్నీ అడిగితే ఈయన తాజా రిపోర్టులు జతచేసి కంటి డాక్టరుకి ఒక ఉత్తరం రాసిచ్చారు, దాంతో సరిపోయింది. శుక్లం ఆపరేషన్ల మీద 2000లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, 19 వేలకు పైగా ఆపరేషన్లు చూస్తే, రొటీన్ టెస్టులు చేసినవాళ్లలో, చేయనివాళ్లలో ఇబ్బందులు ఒకేలా వచ్చాయి. స్పెషలిస్టులు ఇలా ఒకరికొకరు రాసుకుంటే ఎంత రక్తం మిగులుతుందో!

ఇంకో మంచి పని, వీళ్ల కంప్యూటర్‌లో టెస్టు పేరు కొట్టగానే పోయినసారి ఎప్పుడు చేశారో, ఎంత వచ్చిందో పక్కనే కనిపిస్తుంది. ఒక్క టిక్కుతో పాతిక టెస్టులు వెళ్లిపోయే ప్యానెల్స్ తీసేశారు, ఏది కావాలంటే అది విడిగా ఎంచుకోవాలి.

ఇక ఆ అర మార్కు సంగతి. కింద ల్యాబ్ కౌంటర్‌లో అబ్బాయి "ఎలాగూ రక్తం తీస్తున్నాం కదా మేడమ్, విటమిన్లు కూడా చేయించేయండి" అని ఫారం నింపబోయాడు, నేను మళ్లీ పైకెళ్లి అడిగితే డాక్టరు గారే ఫోన్ చేసి వద్దన్నారు. లోపల అంత జాగ్రత్తగా తగ్గించినప్పుడు కౌంటర్ దగ్గర కూడా ఆ పద్ధతే ఉండాలి కదా. వెయిటింగ్ కూడా ఎక్కువే, ఒక్కో పేషెంటుతో అంతసేపు మాట్లాడతారు మరి, ఫోన్ లైను దొరకడం కష్టం.

వెళ్లేవాళ్లు పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టుకెళ్లండి, వాడే మాత్రలన్నీ చెప్పండి, జుట్టు కోసం మింగే విటమిన్ బయోటిన్‌తో సహా. అది కొన్ని మెషిన్లలో థైరాయిడ్ రిజల్ట్‌ని తప్పుగా చూపిస్తుంది, 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా బయోటిన్ ల్యాబ్ టెస్టుల్ని తారుమారు చేస్తుందని హెచ్చరించింది. అమ్మ వాడే మాత్రల్లో అదుందని ఇక్కడ అడిగేదాకా మాకెవరూ చెప్పలేదు.