లియొనార్డో పత్రిక: రాకెట్ ఇంజనీరు నాటిన కళావేదిక

కళాకారుడు తన పనిని గురించి తానే, తయారీ పద్ధతితో సహా వివరించాలన్న పట్టుదలతో నడిచే పత్రికలు అరుదు. 1968లో మొదలై, ప్రస్తుతం ఎంఐటీ ప్రెస్ ప్రచురిస్తున్న ‘లియొనార్డో’ అటువంటిది. ఈ సమీక్షకు ప్రధానంగా జేస్టోర్ అనే ఆన్‌లైన్ పత్రికల భాండాగారంలోని తొలి సంచికలనే తీసుకున్నాను.

దీని స్థాపకుడు ఫ్రాంక్ మలీనా 1912లో టెక్సస్‌లో, చెక్ మూలాలున్న కుటుంబంలో పుట్టారు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో విమానశాస్త్రవేత్త థియొడోర్ వాన్ కార్మన్ వద్ద పరిశోధన చేస్తూ, 1936లో పాసడీనా దగ్గరి ఆరోయో సెకో లోయలో మిత్రులతో కలిసి రాకెట్ మోటారును మండించి చూశారు. బరువైన విమానం పొట్టి రన్‌వే మీద నుంచే లేచేందుకు తోడ్పడిన రాకెట్లూ, 1945లో సుమారు 70 కిలోమీటర్ల ఎత్తుకు చేరిన వాక్ కార్పొరల్ రాకెట్టూ ఆ కృషి ఫలితాలే. ఆ బృందమే ఇప్పుడు నాసా పరిశోధన కేంద్రమైన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీగా ఎదిగింది. 2025లో మన శ్రీహరికోట నుంచి ఎగిరిన, భూమిని పరిశీలించే నైసార్ ఉపగ్రహంలోని ఎల్-బ్యాండ్ రాడార్ అక్కడిదే. యుద్ధానంతరం యునెస్కో ఉద్యోగంపై పారిస్ చేరిన మలీనా, పాత కమ్యూనిస్టు సంబంధాల పేరుతో అమెరికా ప్రభుత్వం వెంటాడుతున్న రోజుల్లో, 1953లో ఆ ఉద్యోగమూ వదిలి కళకే అంకితమయ్యారు.

కదిలే కాంతి చిత్రాల కోసం ఆయన రూపొందించిన ‘లూమిడైన్’ పద్ధతిని తొలి సంపుటంలోని ఆయన వ్యాసంలోనే చదవవచ్చు. వెనుక విద్యుద్దీపాలు, వాటి ముందు మోటారుతో నెమ్మదిగా తిరిగే రంగులద్దిన పారదర్శక బిళ్లలు, ఆపై కదలని మరొక చిత్రిత ఫలకం, చివర కాంతిని పరిచే తెర: వీటి కలయికతో చిత్రం నిరంతరం మారుతూ ఉంటుంది. ఆవేశపూరితమైన విశేషణాలేవీ లేకుండా, ప్రయోగశాల నివేదిక రాసే చేతితో రాసిన ఆ వ్యాసాన్ని చదివి అటువంటి దీపాల పెట్టెను తయారు చేయడానికి పూనుకోవచ్చుననిపిస్తుంది. పత్రిక అసలు బలం ఇక్కడే ఉంది.

అయితే ఆ పొడి భాషే కొందరికి విసుగు పుట్టించవచ్చు. పైగా కదిలే కాంతిని కదలని ముద్రిత చిత్రాల్లో చూసి ఊహించుకోవలసి రావడం పెద్ద లోటు. ఇటీవలి వ్యాసాలు కొన్నింటిలో పనిముట్ల వాసన తగ్గి, విశ్వవిద్యాలయ పరిభాష పెరిగిందన్నది నా అభిప్రాయం. అందువల్ల సొంతంగా చందా కట్టే ముందు, గ్రంథాలయం ద్వారా 1968 నుంచి మలీనా మరణించిన 1981 వరకు వచ్చిన సంచికలను చూడటం మేలు. కళాశాలల్లో డిజైన్, ఎలక్ట్రానిక్స్ బోధించేవారికి వాటిలోనే ఎక్కువ సరుకు దొరుకుతుంది.