ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కి డాకా, ప్యాకా, సెల్లా? నాలుగేళ్లు పడ్డాక రాస్తున్నా

మాది కోనసీమ, అమలాపురం నుంచి బండి మీద పావుగంట. 2021లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ తీసుకున్నాను, టీవీకి తగిలించి ఆటలాడే మైక్రోసాఫ్ట్ వాళ్ల కన్సోల్, 34,990 రూపాయలు. కన్సోల్ కొనడానికి పెద్దగా ఆలోచించలేదు గానీ, దాని కంట్రోలర్లో, అదే చేత్తో పట్టుకుని ఆడేదాంట్లో, ఏ బ్యాటరీ వెయ్యాలన్న దగ్గర మాత్రం రెండేళ్లు తిరిగాను, నాలుగు రకాలు మార్చాను, డబ్బులూ తగలేశాను. ఇప్పుడు కుదుటపడింది కాబట్టి రాస్తున్నా.

తెలియనివాళ్లకి ఒక ముక్క. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్లో బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, 1,560 ఎంఏహెచ్ (చార్జ్ ఎంత పడుతుందో చెప్పే లెక్క), వైరు గుచ్చితే ఎక్కుతుంది, అంతే. ఎక్స్‌బాక్స్‌ది అలా కాదు, వెనక మూత తీసి రెండు డబుల్ ఏ సెల్లు, అదే మనం పెన్సిల్ సెల్లు అంటామే అవి, వేసుకోవాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావ మొదటిసారి ఆ మూత తీసి చూసి "ఇదేంట్రా, టీవీ రిమోటా?" అని ఒకటే నవ్వు. నాకూ నామోషీ వేసింది. ఆ నామోషీతోనే డాక్ కొన్నాను.

డాక్ అంటే రెండు కంట్రోలర్లని నిలబెట్టే స్టాండు, సెల్లకు బదులు వేసుకునే రెండు ప్యాకులు, స్టాండుకి తగిలేలా మూత మీద చిన్న పిన్నులు. ఊరూపేరూ లేని కంపెనీ అనుకోండి, కానీ టీవీ పక్కన పెడితే చూడ్డానికి అదిరింది. ఎండాకాలం దాకా బాగానే నడిచింది. వానలు మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. మా ఇల్లు కాలవ గట్టు పక్కనే, చుట్టూ కొబ్బరితోట. శ్రావణమాసం వచ్చేసరికి డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది, అగ్గిపెట్టె మెత్తబడిపోతుంది, అలాంటిచోట ఆ పిన్నులు ఎంతకాలం ఆగుతాయి? పచ్చగా కిలుము పట్టేసింది. డాక్ మీద లైటు మాత్రం నిండిపోయిందని వెలుగుతూనే ఉంటుంది, తీసి ఆడితే ఇరవై నిమిషాలకి ఆరిపోతుంది. గుడ్డతో గట్టిగా తుడిస్తే ఒక వారం పనిచేసేది, మళ్లీ మామూలే. ఆ తర్వాత ఒక ప్యాక్ ఉబ్బిపోయి మూత పట్టలేదు. అమలాపురంలో ఫోన్లు బాగుచేసే కుర్రాడికి చూపిస్తే "ఇది ఇంట్లో ఉంచకండి ఆయ్" అని తీసేసుకున్నాడు. డాక్ ఇప్పుడు అటక మీద ఉంది.

2023 సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసొచ్చి, రాత్రి పిల్లలూ పెద్దలూ కలిసి పదకొండుమంది ఫుట్‌బాల్ ఆటకి కూర్చున్నాం. నా దగ్గర మిగిలిన ఒక్క ప్యాకూ గంటకే చేతులెత్తేసింది. వైరు పెట్టి ఆడొచ్చు, సెల్లు లేకపోయినా వైరు మీద కంట్రోలర్ నడుస్తుంది, కానీ ఇంట్లో ఉన్నది ఫోన్ ఛార్జర్ వైరు, మీటరు పొడవు. టీవీకి ముక్కు ఆనించి ఆడాలి. వెనక కూర్చున్న పిన్ని "ఒరే, నీ తల అడ్డం తియ్యరా" అని అరుస్తోంది. చివరికి తమ్ముణ్ణి సెంటర్‌కి పంపి మామూలు ఆల్కలైన్ సెల్లు తెప్పించాను. పండగంతా హాయిగా నడిచింది. ఆ హాయిలో పడి సెల్లు తియ్యకుండా కంట్రోలర్‌ని బీరువాలో పెట్టేశాను. ఉగాదికి తీస్తే సెల్లు కారిపోయి స్ప్రింగుల మీద తెల్లటి పొడి. కారిన రసం క్షారం కాబట్టి నిమ్మరసం దూదికి అద్ది తుడిస్తే నురగ వచ్చి పోయింది. అదృష్టం బాగుండి కంట్రోలర్ బతికింది.

తర్వాత 1.5 వోల్టుల లిథియం సెల్లు కొన్నాను, ఒక్కో సెల్లుకే ఛార్జింగ్ వైరు గుచ్చే రంధ్రం ఉంటుంది, విడిగా ఛార్జర్ అక్కర్లేదు. ఆలోచన బాగుంది. కానీ లోపల ఒక చిన్న సర్క్యూట్ పెట్టి, ఉన్నది పూర్తిగా అయిపోయేదాకా 1.5 వోల్టులే వచ్చేలా చేస్తారు. కంట్రోలర్ చార్జ్ ఎంతుందో చూసేది వోల్టేజీని బట్టే కదా, అందుకని తెర మీద చివరి నిమిషం దాకా ఫుల్ అని చూపించి, పెనాల్టీ కొట్టే టైమ్‌కి టప్పున ఆరిపోతుంది. మా అత్త కొడుకు నేను కావాలనే ఆపేశానని ఇప్పటికీ అంటాడు.

ఇక ఇప్పుడు వాడేవి. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు, అంటే మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే పెన్సిల్ సెల్లు, అందులోనూ వాడకుండా పక్కన పెట్టినా చార్జ్ పెద్దగా దిగనివి. ఈ రకంలో పేరున్నది ఎనిలూప్, 2005లో సాన్యో తెచ్చింది, ఇప్పుడు పానసోనిక్ పేరు మీద వస్తోంది. ఒక్కోటి కనీసం 1,900 ఎంఏహెచ్. నాలుగు సెల్లు నాకు 1,100 పడ్డాయి, అలాంటివి రెండు సెట్లు, ఛార్జర్ విడిగా ఇంకో 1,500. మొత్తం కలిపితే డాక్ కంటే ఎక్కువే, కొన్నరోజున ఇంట్లో తిట్లు కూడా పడ్డాయి.

కానీ చూడండి, సంక్రాంతి అయ్యాక డబ్బాలో పెట్టి మర్చిపోయిన జత జూన్‌లో తీసి వేస్తే నేరుగా ఆడుకున్నాను. ఒక జతకి నాకు పాతిక గంటల పైనే వస్తోంది, వైబ్రేషన్ ఎక్కువున్న కారు ఆటలైతే కొంచెం తగ్గుతుంది. వీటి వోల్టేజ్ 1.2 మాత్రమే, కాబట్టి చార్జ్ గుర్తు మొదట్నుంచే కాస్త తక్కువ చూపించి, చాలాసేపు అక్కడే ఉండి, చివర్లో గబగబా పడిపోతుంది. కంగారు పడక్కర్లేదు, కానీ ఒక్క గీత కనబడిందంటే ఇంకో జత దగ్గర పెట్టుకోండి.

అన్నిటికంటే నాకు నచ్చింది కరెంటు లేనప్పుడు. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను మన నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి, కరెంటు ముందే తీసేశారు. ఆ రాత్రి ఆట ఎలాగూ లేదు. డబ్బాలో నిండుగా ఉన్న సెల్లు రెండు టార్చిలో వేశాం, రెండు నాన్న రేడియోలో. డాకో, లోపల బిగించిన బ్యాటరీయో అయితే ఇలా పనికొస్తుందా?

ఛార్జర్ విషయంలో మాత్రం కక్కుర్తి పడొద్దు. నేను మొదట 300 రూపాయలది తెచ్చాను, అందులో సెల్లు జతగానే పెట్టాలి, నిండినా ఆపదు, టైమ్ అయ్యేదాకా ఎక్కిస్తూనే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం పట్టుకుంటే చెయ్యి కాలింది. మంచి ఛార్జర్ ఒక్కో సెల్లునీ విడిగా చూస్తుంది, సెల్ నిండగానే వోల్టేజ్ కొద్దిగా కిందికి జారుతుంది, దాన్ని పసిగట్టి ఆపేస్తుంది. అంకెలు చూపించేదైతే ఇంకా మంచిది, ఏ సెల్ ముసలిదైందో తెలుస్తుంది. నావి మొన్న కొలిస్తే 1,700 పైనే చూపించాయి.

ఇంకో మాట, జతలు కలపకండి. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉంటే ఖాళీది ఇంకా లోతుకి పోయి పాడవుతుంది. మా చెల్లి నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టాను, ఎరుపు జత, నీలం జత. ఇప్పుడు పిల్లలు ఎర్రచుక్కవి లక్కీ అని కొట్టుకుంటున్నారు, అది వేరే గొడవ. 2,500 ఎంఏహెచ్ రకం కూడా ఉంది గానీ ఛార్జింగులు చాలా తక్కువసార్లు తట్టుకుంటుంది, కంట్రోలర్‌కి మామూలువి చాలు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. కంట్రోలర్ వైరుతో ఈ సెల్లు ఎక్కవు, ప్రతిసారీ తీసి ఛార్జర్లో పెట్టాల్సిందే. నాలాంటి బద్ధకస్తుడికి మొదటి నెల చిరాకే. చేతిలోంచి జారి కింద పడితే సెల్ కదిలి ఒక్క క్షణం ఆరిపోవచ్చు. బరువు కూడా ఉంది, ఒక్కో సెల్ 26 గ్రాములు, చిన్నపిల్లలకి తెలుస్తుంది. రోజూ ఆడేవాళ్లు, ఏసీ గదిలో ఉండేవాళ్లు, కరెంటు పోనివాళ్లు అయితే మైక్రోసాఫ్ట్ సొంత ప్లే అండ్ ఛార్జ్ కిట్ తీసుకున్నా తప్పులేదు, వైరు గుచ్చి ఆడుతుండగానే ఎక్కుతుంది.

పోయిన నెల బావ ఫోన్ చేశాడు. వాళ్లబ్బాయి ఎక్స్‌బాక్స్ కావాలంటున్నాడట. "ఆ సెల్లు ఏవో లింక్ పంపరా" అన్నాడు. టీవీ రిమోట్ కోసమా అని అడిగి పంపించాను.