తొలి క్షీరదం ఏది? మోర్గనుకోడానా, బ్రసిలోడానా?

ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్లలో సగం మంది క్విజ్‌కు తయారయ్యే పిల్లలు. తక్కిన సగం వాళ్ల తల్లిదండ్రులు. పుస్తకంలో ఉన్నదే రాస్తే తప్పని కొట్టేశారేమిటని వాళ్ల ఫిర్యాదు. తప్పు పిల్లలది కాదు. ఒక పుస్తకంలో మోర్గనుకోడాన్ అని ఉంటుంది, కొత్తగా అచ్చయిన దానిలో బ్రసిలోడాన్ అని, స్వదేశాభిమానం కాస్త ఎక్కువైన గైడులో టికిథీరియం అని. మా అక్క కొడుకు ఈ మధ్య మూడు పేర్లూ ఒక కాగితం మీద రాసుకొచ్చి, "మామయ్యా, ఏదో ఒకటి చెప్పు, టిక్కు పెట్టేస్తాను" అన్నాడు. చెప్పాను. కారణం వినేంత ఓపిక వాడికి లేకపోయింది కాబట్టి అది ఇక్కడ రాస్తున్నాను.

ముందు టికిథీరియం సంగతి తేల్చేద్దాం. మధ్యప్రదేశ్‌లోని టికి శిలల నుంచి వచ్చిన ఒకే ఒక్క పై దవడ పన్ను దాని ఆస్తి అంతా. 2005లో పి.ఎం. దత్తా దానికి పేరు పెట్టారు. రాళ్లు జురాసిక్‌కు ముందుదైన ట్రయాసిక్ కాలానివి కాబట్టి పన్నూ అప్పటిదే అనుకున్నారు. కానీ అంత పాత పన్నుకు ఆ ఆకారం మరీ ముదిరినట్టుంది. 2024లో రష్యా శాస్త్రవేత్తలు అవెర్యానోవ్, వోయ్తా దాన్ని మళ్లీ పరిశీలించి, ఇది చుంచెలుక పన్ను, వయసు రెండున్నర కోట్ల ఏళ్లకు మించదు, పాత మట్టిలో ఎలాగో కలిసిందని వాదించారు. పాత బియ్యం బస్తాలో కొత్త గింజ పడ్డట్టన్నమాట. ఆ వాదన నాకు సబబుగానే తోస్తోంది. పిల్లల పుస్తకాల్లోంచి ఆ పేరు తీసేయడం మంచిది.

ఒంటి పళ్ల మాట వచ్చింది కాబట్టి మన గోదావరి లోయ గురించి కూడా చెప్పాలి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పైకసిగూడెం దగ్గరి కోటా శిలల్లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు మట్టి కడిగి, జల్లెడ పట్టి, సూక్ష్మదర్శిని కింద ఏరిన చిన్న చిన్న పళ్లకు కోటాథీరియం, త్రిశూలోథీరియం, ఇండోజోస్ట్రోడాన్ వంటి పేర్లున్నాయి. వీటిలో ఇండోజోస్ట్రోడాన్ మోర్గనుకోడాన్‌కు దూరపు చుట్టం. అయితే ఇవన్నీ జురాసిక్ కాలానివి, కాబట్టి తొలి స్థానానికి పోటీలో లేవు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబడి ఫొటో దిగేవాళ్లు, అదే కోటా రాళ్లలో ఈ బుల్లి జీవుల పళ్లు కూడా దొరికాయని తెలిస్తే మరో నిమిషం ఆగుతారేమో.

ఇక అసలు పోటీ.

బ్రసిలోడాన్ బ్రెజిల్ దక్షిణ కొసన రియో గ్రాండే దో సుల్ రాష్ట్రంలో దొరికింది. వయసు 22.5 కోట్ల ఏళ్లు, పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. పేరు 2003 నుంచీ ఉన్నా, 2022లో వచ్చిన ఒక పరిశోధనతో వార్తల్లోకి ఎక్కింది. వేర్వేరు వయసుల మూడు కింది దవడలను పరిశీలించి, దీనికి పళ్లు రెండే విడతలు వచ్చేవని తేల్చారు. అంటే మనలాగే ముందు పాలపళ్లు, తర్వాత అసలు పళ్లు. బల్లులకూ మొసళ్లకూ పళ్లు ఊడుతూ వస్తూనే ఉంటాయి. పుట్టిన పిల్ల తల్లి పాలు తాగితే దానికి వెంటనే పళ్లతో పని ఉండదు, దవడ ఎదిగాక రెండు విడతలతో సరిపోతుంది. కాబట్టి రెండు విడతల పళ్లంటే పాలిచ్చే తల్లి ఉందనడానికి గుర్తు. మంచి తర్కమే, కాదనను. మోర్గనుకోడాన్ కంటే ఇది రెండు కోట్ల ఏళ్లు పాతది కూడా. వయసే కొలమానమైతే పోటీ ఇక్కడితో ముగిసినట్టే.

నాకు మాత్రం దవడ కీలు ముఖ్యం. చూపుడు వేలు చెవి ముందు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేది పళ్లున్న దవడ ఎముక, అది నేరుగా పుర్రెకు తగులుతున్న చోటు. బల్లికి అలా ఉండదు. దాని కింది దవడ అనేక ఎముకల అతుకు. కీలు పడేది వెనక ఉన్న వేరే చిన్న ఎముకల దగ్గర. ఆ కీలు ఎముకలు రెండూ మనకు ఎక్కడికీ పోలేదు, చెవిలోకి చేరాయి. బడిలో కూటకం, దాగలి అని బట్టీ పట్టినవి అవే. పిండం ఎదుగుతున్నప్పుడు అవి దవడ దగ్గరే మొలిచి తర్వాత విడిపోతాయి.

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పాత కీలు తీసి కొత్త కీలు పెట్టే దాకా ఆ జంతువు ఏం తిని బతికింది? దానికి మోర్గనుకోడాన్ దవడే జవాబు. రెండు కీళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. తలుపుకు పాత మడతబందు తీయకుండానే పక్కన కొత్తది బిగించినట్టు. కొరికే బరువు కొత్త కీలు మోస్తుంది. పాత ఎముకలు పలచబడి, దవడకు అంటుకునే ఉండి, చప్పుడును కూడా మోయడం మొదలుపెట్టాయి. బ్రసిలోడాన్‌లో కొత్త కీలు దగ్గర దాకా వచ్చింది గాని పూర్తిగా ఏర్పడలేదు. మోర్గనుకోడాన్‌కు పాలపళ్లూ ఉన్నాయి, కొత్త కీలూ ఉంది. నా టిక్కు దానికే.

సాక్ష్యం బరువు కూడా అటే మొగ్గుతుంది. వేల్స్‌లోని గ్లామోర్గన్ సున్నపురాయి గనుల్లో, రాతి పగుళ్లలోకి కొట్టుకొచ్చిన మట్టిలో మోర్గనుకోడాన్ పళ్లు, ఎముక ముక్కలు వేల సంఖ్యలో దొరికాయి. ఆ ప్రాంతం పేరునే 1949లో జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ క్యూనె దీనికి పెట్టాడు. తర్వాత లండన్‌లో కెర్మాక్, ముస్సెట్ అనే శాస్త్రవేత్తలు ఆ ముక్కలన్నీ పొందికగా చేర్చి, 1973లో కింది దవడ మీద, 1981లో పుర్రె మీద పెద్ద వ్యాసాలు వెలువరించారు. రెండింటిలోనూ సహరచయిత రిగ్నీ. చైనాలోని యునాన్‌లో దొరికిన మోర్గనుకోడాన్ పుర్రెను 1963లో లోకానికి పరిచయం చేసింది ఈయనే. మతాచార్యుడు, బీజింగ్ జైల్లో నాలుగేళ్లున్నవాడు. క్యూనెను కూడా యుద్ధ కాలంలో బ్రిటన్ శత్రుదేశీయుడని మాన్ ద్వీపంలో నిర్బంధించింది. వేలెడంత జంతువు వెనక ఇద్దరు ఖైదీలు!

నా వాదనకు అడ్డు తగిలే సంగతి దాచను. 2020లో ఎక్స్‌రేలతో మోర్గనుకోడాన్ పంటి వేళ్లలోని వలయాలు లెక్కించారు. చెట్టు మానులో ఏడాదికో వలయం పడినట్టే అక్కడా పడుతుంది. కొన్ని 14 ఏళ్ల దాకా బతికాయని తేలింది. ఎలుక అంత కాలం బతకదు. అంటే ఒంట్లో వేడి, వేగం ఇంకా క్షీరదాల స్థాయికి రాలేదు, బతుకు బల్లి తీరులోనే నడిచింది. ఇదిలా ఉంటే, కొందరు బ్రసిలోడాన్‌ను, మోర్గనుకోడాన్‌ను రెండింటినీ క్షీరదాలనడానికి ఒప్పుకోరు. ఇప్పుడు బతికున్న క్షీరదాలన్నిటికీ మూలమైన జీవి దగ్గరే గీత గీస్తారు. ఆ లెక్క తర్కానికి బాగుంటుంది గాని, క్విజ్ కాగితం మీద టిక్కు పెట్టడానికి పనికిరాదు.

పోటీకి తెచ్చే పేర్లు ఇంకా ఉన్నాయి. అడెలోబాసిలియస్ అని అమెరికాలోని టెక్సస్‌లో దొరికినది ఒకటుంది. పుర్రె వెనక భాగం మాత్రమే ఉంది, దవడే లేదు. యునాన్‌లోనే దొరికిన హాడ్రోకోడియం రెండు గ్రాముల ముచ్చటైన జీవి, కానీ వయసులో మోర్గనుకోడాన్ కంటే చిన్నది.

ఇదంతా చెబుతుంటే మావాడు చెవి ముందు వేలు పెట్టుకుని చేగోడీ నములుతున్నాడు. "నాకు కరకర చెవిలోనే వినిపిస్తోంది మామయ్యా, నీకు వినబడుతోందా?" అన్నాడు. నాకు అంతగా వినబడలేదు. నమిలే చప్పుడు ఎముక గుండా నేరుగా వాడి చెవికే పోతుంది. మోర్గనుకోడాన్‌కు ఇంకెంత వినిపించి ఉండాలి! దాని చెవి ఎముకలు దవడకే అంటుకుని ఉన్నాయి, తిన్నదేమో గట్టి పెంకు పురుగులు.